చిన్న దీవులు – ముసలి ఓడలు

(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసము)

    

వార్షికోత్సవమునాడు ప్రధానోపాధ్యాయుడు నివేదిక చదివి కూర్చుండుట ఆచారము. ఆ పని ముగిసినది. అయినను కార్యదర్శిగారు పిల్లలకు పనికివచ్చు విషయ మొకటి ముచ్చటింపుమని కోరినందున ఇంకొక అరగంటసేపు మీ ఓపికను పరీక్షింపవలసి వచ్చినది. ఈ సాయంకాలము మేము ఓడలనుగూర్చి మాటలాడ నెంచినాము. యుద్ధనౌకలనుగూర్చి కాదు, ధనవంతులు విహరించు నౌకలనుగూర్చియు కాదు. కొద్దివేలమంది నివసించు చిన్న దీవులకు బియ్యమును, మందులను, ఉత్తరములను, మనుష్యులను చేరవేయు సామాన్యపు ఓడలనుగూర్చి. ముఖ్యముగా, ఆ ఓడలు ముసలివైనప్పుడు ఏమి జరుగును, ఏమి జరుగవలెను అను విషయమునుగూర్చి.

మనవంటి మెట్టప్రాంతపువారికి ఇది దూరపు సంగతివలె తోచవచ్చును. మన ఊరికి వచ్చు బస్సు చెడిపోయిన ఆ పూటకు ఇబ్బంది. మరునాడు వేరొక బస్సు వచ్చును. అదియు రాకున్న రైలు కలదు. ఏదియు లేకున్న బండి కట్టుకొనియో, కాలినడకనో పోవచ్చును. దీవిలో నివసించువానికి ఆ కాలినడక లేదు. వానికి ఓడయే బస్సు, ఓడయే సంత, ఓడయే తపాలా కచేరి, ఆపద వచ్చినప్పుడు ఓడయే ఆసుపత్రికి దారి. అట్టి ఓడ ఒక్కటే యుండి, అది నలుబదియేండ్లదై, దాని యంత్రము మధ్యసముద్రమున ఆగిపోయినచో ఏమగునో ఊహింపుడు.

ఎనిమిదవ తరగతి గోడపటమునందు దక్షిణ అట్లాంటిక్ సముద్రము నడుమ సూదితో పొడిచినట్లు ఒక చుక్క కనబడును. అది సెయింట్ హెలీనా దీవి. వైశాల్యము 122 చదరపు కిలోమీటర్లు. జనాభా సుమారు నాలుగున్నర వేలు. ఆఫ్రికా తీరము దానికి 1,900 కిలోమీటర్ల దూరము. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ రేవు సుమారు 3,100 కిలోమీటర్లు. నెపోలియన్‌ను 1815లో బందీగా తెచ్చి, 1821లో మరణించువరకు ఉంచిన దీవి ఇదియే. పారిపోవుటకు వీలులేని చోటని కదా ఆయన నచ్చట నుంచిరి! చక్రవర్తి పారిపోలేని చోటనుండి రోగి వైద్యునియొద్దకు పోవుటయు కష్టమే యని మనము గ్రహింపవలెను.

ఈ దీవికి మన తెలుగుతీరముతో ఒక పాత సంబంధము కలదు. ఈస్టిండియా కంపెనీవారు 1611లో మచిలీపట్టణమున వర్తకస్థానము నేర్పరచుకొనిరి. 1659లో సెయింట్ హెలీనాలో వలస నిలిపిరి. కోరమండల తీరమున బట్టల మూటలు నింపుకొని ఇంగ్లండునకు తిరిగిపోవు కంపెనీ ఓడలు మంచినీటికిని, కూరగాయలకును ఆ దీవియొద్ద లంగరు వేయుచుండెడివి. మన సాలెవారు నేసిన బట్ట లండను చేరకముందు ఆ దీవిని చూచినదన్నమాట. వచ్చిపోవు ఓడలే దీవివారికి జీవనాధారము. 1869లో సూయజ్ కాలువ తెరవబడినది. తూర్పుదేశపు ఓడలు క్రొత్తదారి పట్టినవి. దీవి ఉన్నచోటనే ఉన్నది. లోకము దారి మార్చుకొన్నది.

ఆ పిమ్మట ఇంగ్లండు – దక్షిణాఫ్రికాల మధ్య తిరుగు తపాలా ఓడలు దీవిని ఆదుకొన్నవి. విమానములు వచ్చినకొలది ఆ ఓడలకు ప్రయాణికులు తగ్గిపోయిరి. చివరకు 1977లో యూనియన్ కాసిల్ కంపెనీ తపాలా ఓడల రాకపోకలు ముగిసినవి. ఇందులో కంపెనీని నిందింప పనిలేదు. వర్తకుడు లాభము చూచుకొనును. కాని దీవిలోని మనుష్యులు లాభనష్టముల పట్టికలో ఒక పద్దు కారు గదా! అప్పుడు బ్రిటిష్ ప్రభుత్వము పూనుకొని, కెనడాలో 1963లో కట్టబడిన 'నార్త్‌లాండ్ ప్రిన్స్' అను ఓడను కొని, 'సెయింట్ హెలీనా' యని పేరుమార్చి, 1978నుండి నడపసాగినది.

విద్యార్థులారా! ఇచ్చట ఒక చిన్న లెక్క వేయుడు. 1963లో పుట్టిన ఓడ 1978లో క్రొత్త కొలువులో చేరినది. అనగా చేరిననాటికే పదునైదేండ్ల వయస్సు. పాత ఓడను కొనుట చౌక. దానిని పోషించుట ఖరీదు. పశువుల సంతలో ముసలి ఎద్దును కొనిన రైతు ఈ సంగతి ఎరుగును. 1982లో ఫాక్‌లండ్ యుద్ధమునకు ప్రభుత్వము ఈ ఓడనే తీసికొనిపోయినది. దీవివారికి వేరొక ఓడను అద్దెకు తేవలసివచ్చినది. ఓడ చిన్నది, వయస్సు మీరినది. కనుక దీవికొరకే ప్రత్యేకముగా ఒక క్రొత్త ఓడను స్కాట్లండులోని అబర్డీన్ రేవున కట్టించిరి. 1989 అక్టోబరు 31న అది నీటిలో దిగినది. 1990లో పనిలో చేరినది.

దాని పూర్తిపేరు 'ఆర్. ఎం. ఎస్. సెయింట్ హెలీనా'. ఆర్. ఎం. ఎస్. అనగా రాయల్ మెయిల్ షిప్, రాచ తపాలా ఓడ. దీవివారి వాడుకలో అది 'ఆర్. ఎం. ఎస్.' మాత్రమే. పొడవు 105 మీటర్లు. సగము ప్రయాణికుల ఓడ, సగము సరుకుల ఓడ. ఉత్తరములు, ఉల్లిపాయలు, సిమెంటు, మోటారుకార్లు, మందులు, పెండ్లిబట్టలు – దీవిలో పుట్టని వస్తువు ఏదైనను దాని కడుపులోనే రావలెను. కేప్‌టౌన్‌నుండి దీవికి ఐదు రాత్రుల ప్రయాణము. జేమ్స్‌టౌన్ అను దీవి పట్టణమున ఓడ గట్టునకు చేరి నిలుచు రేవు లేదు. ఓడ లోతునీటిలో లంగరు వేసి నిలిచిన, ప్రయాణికులు చిన్న పడవలలో మెట్లవద్దకు వచ్చి, పైనుండి వ్రేలాడు త్రాళ్ళు పట్టుకొని, అల లేచిన క్షణము చూచి గట్టుమీదికి అడుగువేయవలెను. 

1999 నవంబరులో ఈ ఓడ దీవికి వచ్చుచుండగా యంత్రము చెడిపోయినది. మరమ్మతునకు ఫ్రాన్సుదేశమునందలి బ్రెస్ట్ రేవునకు పోవలసివచ్చినది. ఎదురుచూచువారు దీవిలో, రావలసినవారు పరదేశములలో చిక్కుకొనిరి. క్రిస్మసు పండుగ దగ్గరపడుచున్నది. ఓడకప్పటికి తొమ్మిదేండ్లు మాత్రమే. క్రొత్తదియే. అయినను ఒక్కటే! ముసలితన మొక ప్రమాదము. ఒంటరితన మింకొక ప్రమాదము. ఉన్న ఒక్క ఓడయు చెడిన, దానికి మారుగా నిలుచునది లేదు. విమానాశ్రయము కావలెనను కోరిక దీవిలో అప్పటినుండి బలపడినది. 2002లో దీవివారి అభిప్రాయమును ఓటు ద్వారా అడుగగా, నూటికి డెబ్బదిమందికి పైగా విమానాశ్రయమునే కోరిరి.

కోరుట 2002లో. కట్టుటకు ఒప్పందము 2011లో. నడుమ తొమ్మిదేండ్లు చర్చలకును, వాయిదాలకును సరిపోయినవి. ఓడ మాత్రము వాయిదా యెరుగదు. దానికి ఏటికొక సంవత్సరము నిండుచునే యుండును. ఒప్పందమైన పిమ్మట ఒక లోయను సుమారు 80 లక్షల ఘనపు మీటర్ల రాతితో పూడ్చి విమానము దిగుటకు నేల చదును చేసిరి. ఆ యంత్రములను, సిమెంటును, ఇనుమును తెచ్చినదేది? ఓడయే. అందుకొరకు రూపర్ట్స్ అఖాతమున ఒక తాత్కాలికపు జెట్టీ కట్టిరి. దీవి చరిత్రలో గట్టునకు చేరి నిలిచిన మొదటి ఓడ అచ్చటికి 2012లో వచ్చినది. ఓడను తొలగించుటకు కట్టిన విమానాశ్రయమునకు సైతము ఓడయే సామగ్రి మోయవలసివచ్చినదని మీరు గమనింపవలెను.

మొత్తము వ్యయము సుమారు 28 కోట్ల 50 లక్షల పౌండ్లు. దీవి జనాభాచే భాగించిన తలకు 63,000 పౌండ్లు పడును. 2016 మే నెలలో ప్రారంభోత్సవమని నిర్ణయించిరి. ఆ వెంటనే ఓడకు విశ్రాంతి నిత్తుమని ప్రకటించిరి. ఆ జూను నెలలో ఓడ చివరిసారిగా లండను నగరమునకు పోయి సెలవు తీసికొని వచ్చినది. కాని ఏప్రిల్ నెలలోనే పరీక్షకై వచ్చిన బోయింగ్ 737 విమానమునకు అచ్చటి గాలి సంగతి తెలిసినది. దీవి అంచున నిటారైన కొండ. దానిపై గాలి వేగమును, దిక్కును క్షణములో మార్చుకొనును. పెద్ద విమానములు దిగుట క్షేమము కాదనిరి. ప్రారంభోత్సవ మాగిపోయినది. 2016 డిసెంబరులో బ్రిటిష్ పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ ఈ వ్యవహారమును కఠినముగా విమర్శించినది.

ఏరు దాటి తెప్ప తగులబెట్టినవానిని మన పెద్దలు కృతఘ్నుడనిరి. ఏరు దాటకమునుపే తెప్పకు వీడ్కోలు చెప్పినవాని నేమనవలెనో వారు చెప్పలేదు. అదృష్టవశమున ఓడను అప్పటికింకను అమ్మలేదు. విశ్రాంతి మాట మాని మరల పనిలో నుంచిరి. నెలలు గడచిన కొలది గడువు పొడిగించుచు పోయిరి. సెలవు తీసికొన్న ముసలి నౌకరును మరల పిలిచి బరువెత్తించినట్లయినది. 2017 మార్చిలో ప్రొపెల్లరు భాగము చెడి, ఓడ దక్షిణాఫ్రికాలోని సైమన్స్‌టౌన్ మరమ్మతు రేవునకు చేరినది. కొన్ని ప్రయాణములు రద్దయినవి. అప్పుడు చిక్కుపడిన ప్రయాణికులకొరకు, ఇంకను సరిగా తెరువని విమానాశ్రయమున కొక చిన్న విమానమును మే నెలలో ప్రత్యేకముగా రప్పింపవలసివచ్చినది.

చివరకు ఎంబ్రాయర్ 190 అను చిన్న తరహా విమానముతో వారమున కొకసారి రాకపోకలు 2017 అక్టోబరు 14న ఆరంభమైనవి. 2018 ఫిబ్రవరి 10న ఆర్. ఎం. ఎస్. జేమ్స్‌టౌన్ నుండి చివరిసారి బయలుదేరినది. ఇరువదియేడేండ్లు తమ్ము మోసిన ఓడకు దీవివారు రేవున నిలిచి వీడ్కోలిచ్చిరి.

ఇక మా ప్రశ్న వినుడు. ఓడ స్థానమున విమానము వచ్చినదా? సగము మాత్రమే వచ్చినది. మనిషిని విమానము మోయును. సిమెంటు బస్తాను, మోటారుకారును, ఏడాదికి సరిపడు ధాన్యమును మోయజాలదు. అందుకే 2018లోనే 'ఎం. వి. హెలీనా' అను సరుకుల ఓడను కేప్‌టౌన్ నుండి నడపసాగిరి. 2020లో కోవిడ్ వ్యాధివలన వారపు విమానములు ఆగిపోయినప్పుడును సరుకుల ఓడ వచ్చుచునే యుండెను. ఒక ఓడ చేసిన పని ఇప్పుడు ఒక విమానమును, ఒక ఓడయు పంచుకొన్నవి. గుండెజబ్బు మనిషి కేప్‌టౌన్‌నకు ఐదు రాత్రులు సముద్రముపై గడపవలసిన బాధ తప్పినది. ఇది గొప్ప మేలు. విమానాశ్రయము వ్యర్థమని మేము చెప్పబోము. క్రొత్తది నిలద్రొక్కుకొన్న పిమ్మట పాతది తప్పుకొనవలెనని మాత్రమే చెప్పుచున్నాము.

ఇది ప్రభుత్వము నడిపిన ఓడ కథ. దీవివారే తమ ఓడను తాము నడుపుకొన్న చోట పరిస్థితి మెరుగుగా నుండునా యని మీలో తెలివిగలవారు అడుగవచ్చును. దానికిని ఒక దృష్టాంతము కలదు. ఇంగ్లండునకు నైరృతి మూలన, లాండ్స్ ఎండ్ అను భూశిరమునుండి సుమారు 45 కిలోమీటర్ల దూరమున సిలీ దీవులు కలవు. జనులు నివసించునవి ఐదు. జనాభా రెండువేల పైచిలుకు. చలికాలమున ఇంగ్లండు మంచులో మునిగియున్నప్పుడు అచ్చట నార్సిసస్ పూలు పూయును. ఆ పూలను ఇంగ్లండునకు పంపి అమ్ముకొనుట పందొమ్మిదవ శతాబ్దినుండి వారి వ్యవసాయము. పువ్వునకు రేపు అను మాట లేదు. ఓడ ఒకనాడు ఆలస్యమైన పంట వాడిపోవును.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున వారికి ఓడ నడుపు కంపెనీ మూతపడినది. అప్పుడు దీవివారు చేతులు ముడుచుకొని కూర్చుండక, 1920లో తామే వాటాలు వేసికొని ఒక స్టీమర్ కంపెనీని స్థాపించుకొనిరి. 'పెనినిస్' అను ఓడతో మొదలుపెట్టిరి. 1926లో 'సిలోనియన్' అను క్రొత్త ఓడ వచ్చినది. 1956లో రెండవ సిలోనియన్, 1977లో మూడవ సిలోనియన్. ఈ సంవత్సరములను పలకపై వ్రాసి తీసివేతలు చేయుడు. మొదటిదానికిని రెండవదానికిని నడుమ ముప్పదియేండ్లు. రెండవదానికిని మూడవదానికిని ఇరువదియొక్క యేండ్లు. పాతది పూర్తిగా చెడకమునుపే క్రొత్తది తెచ్చుకొను మంచి అలవాటు వారికి ఉండెను. ఆ లెక్కప్రకారము నాలుగవ ఓడ 2007 ప్రాంతమున రావలసియుండెను. రాలేదు.

ఏల రాలేదు? ఓడల వెలలు దీవివారి సంచికి మించిపోయినవి. ప్రభుత్వ సహాయము కోరిరి. క్రొత్త ఓడకును, రెండు వైపుల రేవుల బాగునకును కలిపి సుమారు 6 కోట్ల 20 లక్షల పౌండ్ల పథకము తయారైనది. పెంజాన్స్ అను అవతలి రేవుపట్టణమున రేవుపనులనుగూర్చి వివాదములు చెలరేగినవి. 2011 మార్చిలో ప్రభుత్వము సొమ్ము ఇయ్యజాలమన్నది. అప్పటికి మూడవ సిలోనియన్ వయస్సు 34 ఏండ్లు. 2021లో మరల 4 కోట్ల 84 లక్షల పౌండ్లు ఇత్తుమని ప్రభుత్వము ప్రకటించినది. చర్చలు సాగినవి. 2023లో కంపెనీవారు ఆ సొమ్మునకు కాచుకొనక, అప్పు తెచ్చి తామే కట్టించుకొందుమని నిశ్చయించి, పిరియూ అను ఫ్రెంచి ఓడల కంపెనీని ఎన్నుకొనిరి. నిర్మాణము ఆ కంపెనీకి వియత్నాములో గల యార్డునకు అప్పగింపబడినది. అప్పటికి ప్రయాణికుల ఓడకు 46 ఏండ్లు. 1981లో నార్వేలో పుట్టిన 'గ్రై మరీతా' యను సరుకుల ఓడకు 42 ఏండ్లు.

ఆ మూడవ సిలోనియన్‌నుగూర్చి ఒకమాట చెప్పవలెను. రెండు రేవులును లోతు తక్కువైనవి. అందుచే దాని అడుగును చదునుగా కట్టిరి. అడుగు చదునైన ఓడ పెద్దఅలలపై ఉయ్యాలవలె ఊగును. ప్రయాణము రెండున్నర గంటలకు పైన. పలువురికి వాంతులు తప్పవు. శీతకాలమున అది ప్రయాణికులకై నడువకుండుటయు వాడుక. అప్పుడు విమానమే దిక్కు. పొగమంచు దిగిన విమానమునకును దారి లేదు. కావున ఓడ మార్చుట యనగా పాతదానివంటి దింకొకటి తెచ్చుట కాదు. రేవు లోతును, అలల స్వభావమును, చలికాలపు అవసరమును మరల మొదటినుండి ఆలోచించుకొనుట. అట్టి ఆలోచనకు తీరిక కావలెను. ఓడ కుంటుచున్నప్పుడు తీరిక ఎక్కడిది? దప్పిక వేసినప్పుడు బావి త్రవ్వినట్లగును.

మన దేశమున లేదా ఈ సమస్య? కలదు. అరేబియా సముద్రమున లక్షద్వీపములు మనవే. జనులు నివసించు దీవులు పది. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆరువదినాలుగు వేలమంది. విమానము దిగు చోటు అగత్తి దీవిలో మాత్రమే. తక్కిన దీవులవారికి కొచ్చినుండి వచ్చు ఓడయే ముఖ్యాధారము. వారికొరకు 'ఎం. వి. కవరత్తి' యను 700 మంది పట్టు ఓడను కట్టినది మన విశాఖపట్టణపు హిందుస్థాన్ షిప్‌యార్డు. స్వతంత్ర భారతమున మొదటి ఓడ 'జలఉష'ను 1948 మార్చి 14న పండిత నెహ్రూ నీటిలోనికి దింపినదియు అచ్చటనే. 2021లో కవరత్తి ఓడ యంత్రపు గదిలో నిప్పంటుకొన్నది. ప్రాణనష్టము లేకుండ అందరును బయటపడిరి. కాని పెద్ద ఓడ యొకటి మరమ్మతునకు పోయినప్పుడు దాని బరువు తక్కిన ఓడలమీద పడును. టిక్కెట్టుకొరకు నిలుచువారి వరుస పెరుగును. అది సెయింట్ హెలీనా కథయే. భాష మాత్రమే వేరు.

ఈ కథలనుండి మేము గ్రహించిన నీతి ఒక్కటే. ఓడను మార్చు పని అది చెడిననాడు మొదలు కారాదు. అది నీటిలో దిగిననాడే మొదలు కావలెను. ఓడ ఆయువు సుమారు ముప్పదియేండ్లు. నమూనా గీయుటకు, ధనము సమకూర్చుటకు, రేవు బాగుచేయుటకు, వాదములు తీరుటకు, కట్టుటకు పది పదునైదేండ్లు పట్టునని మన మిప్పుడే చూచితిమి. ముప్పదిలోనుండి పదునైదు తీసివేసిన మిగులునది పదునైదు. అనగా ఓడ నడివయస్సున, అది ఆరోగ్యముగా నున్నప్పుడే, తరువాతి ఓడ మాట ఎత్తవలెను. అప్పుడు మాట ఎత్తినవానిని లోకము తొందరపాటువాడనును. ఎత్తకున్న పదునైదేండ్ల పిమ్మట దీవి యంతయు బాధపడును. వర్తకపు లెక్కలలో తరుగుదల అను పద్దు కలదు. వస్తువు అరుగుచున్నకొలది దాని మారుకొరకు ఏటేట కొంత సొమ్ము వేరుగా నుంచుట. ఓడకు ఆ పద్దు పెట్టకుండ టిక్కెట్టు చౌకగా అమ్మినవారు నేటి ప్రయాణికునికి మేలు చేసి రేపటి ప్రయాణికునికి అప్పు మిగిల్చినవారగుదురు.

ఇక నొక ఆక్షేపణ. నాలుగువేలమందికి ఇన్ని కోట్లా? రెండువేలమందికి క్రొత్త ఓడయా? వారందరను తెచ్చి ఒక నగరమున ఇండ్లిచ్చిన చౌక గదా యని గట్టిగా అడుగువారున్నారు. అడుగుట తప్పు కాదు. ప్రజల సొమ్మునకు లెక్క చెప్పవలసినదే. కాని తల లెక్కించి దారి ఇచ్చునట్లయిన లోకమున కొండగూడెములకు బాట యుండదు, లంకలకు పడవ యుండదు. కొద్దిమంది పిల్లలకొరకు వేరొక భాషలో బడి యెందుకను ప్రశ్న మన సంఘము అనేక పర్యాయములు విన్నదే. దాని రుచి మనకు తెలియును. కొద్దిమంది యగుట వారి అపరాధము కాదు. ఎక్కువమందికి పది దారులుండును, ఒకటి పోయిన తొమ్మిది. కొద్దిమందికి ఉన్నది ఒక్కటే దారి. కనుక ఆ ఒక్కదానిని ఎక్కువ జాగ్రత్తతో చూడవలెను. న్యాయమును తలకు ఇన్ని పౌండ్లని కొలువరాదు. ఆ దారి మూసికొన్నచో ఏమి మిగులునని కొలువవలెను.

అట్లని చిన్న సమాజములవారు చేయిచాచి కూర్చుండవలెనని మా అభిప్రాయము కాదు. సిలీ దీవులవారు 1920లో వాటాలు వేసికొనకున్న వారికి మూడు ఓడలును ఉండెడివి కావు. ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయవలెను. ప్రజలు చేయదగినది ప్రజలు చేసికొనవలెను. ఇరువురిలో ఎవరైనను రెండవవారి ముఖము చూచుచు సంవత్సరములు గడపిన, నడుమ ముసలి ఓడ ఒంటరిగా అలలతో పోరాడుచుండును.

విద్యార్థులారా! మీలో కొందరు ఇంజనీర్లగుదురు. ఓడ నమూనా గీయునప్పుడు త్రాడు పట్టుకొని గట్టెక్కవలసిన అవ్వను మరువకుడు. కొందరు గణకులగుదురు. తరుగుదల పద్దును మరువకుడు. కొందరు అధికారులై దస్త్రములమీద సంతకము చేయుదురు. మీ బల్లమీద ఆ దస్త్రము ఒక యేడు నిలిచిన, ఎక్కడనో ఒక ఓడకు ఒక యేడు వయస్సు పెరుగునని జ్ఞాపకముంచుకొనుడు. తక్కినవారందరును పౌరులగుదురు. పత్రికలో దూరపు దీవివారి ఓడ ఆగినదను వార్త చదివినప్పుడు పుట త్రిప్పక ఒక్క నిమిషము ఆగుడు.